క్యాబేజీ మేత కాదుగా

నేను రిటైరైన రోజు శాలువా కప్పి, నా హస్తవాసి గురించి ఒకరి తర్వాత ఒకరు అరగంట మాట్లాడారు. నేను కుర్చీలో అటూ ఇటూ కదులుతూనే ఉన్నాను. నాకంటే ముందే రిటైరైన మా పాత అటెండరు పక్కనే నిలబడి, వంగి చెవిలో అడిగాడు. "ఏం మేడం, క్యాబేజీ గేదె గుర్తొచ్చిందా?"

గుర్తొచ్చింది. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. కొత్తగా పశువైద్యంలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మేడం, మీ సర్వీసులో మంచి కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. మంచి కేసులు మీ సీనియర్లందరి దగ్గరా దండిగా ఉంటాయి, వాళ్లనడగండి. నా దగ్గర ఉన్నది ఇదే.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు ఒకచోట నిలవడం చేతకాదు. కాఫీ కూడా నడుస్తూనే తాగుతాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ కాలుగాలిన పిల్లిలా ఊళ్లు తిరిగాను. రైతు ఒక మాట మొదలుపెడితే మిగతాది నేనే పూర్తిచేసి సూది తీసేదాన్ని. దాన్ని చురుకుదనం అనుకున్నాను. నా పై అధికారులు కూడా అలాగే అనుకుని మంచి రిపోర్టులు రాశారు.

అప్పట్లో నా ఆసుపత్రి చిలకలూరిపేట నుంచి కాస్త లోపలికి, మిరప చేల మధ్య ఉండేది. కోతలు జోరుగా సాగుతున్న రోజులు. ఏ ఊరికి వెళ్లినా కల్లాల నిండా కాయలే, బండి దిగేలోపే నాలుగు తుమ్ములు. ఒక మధ్యాహ్నం ఒక రైతు ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మగారూ, గేదె ఎర్రగా పోస్తోందండీ. కాఫీ డికాషనే అనుకోండి. ఒకసారి తొందరగా రండి."

వెళ్లాను. ఈని నెల దాటిన పాడిగేదె. కల్లం పక్కన ఎండలో కట్టేసి ఉంది. కనురెప్ప తిప్పి చూస్తే లోపల సున్నంలా తెల్లగా పాలిపోయి ఉంది. థర్మామీటరు కొద్దిగా జ్వరం చూపించింది. ఎండలో నిలబెట్టిన గేదెకు ఆ మాత్రం వేడి మామూలేనని చదువుకునేటప్పుడే చెప్తారు. నాకూ చెప్పారు. చెవి వెనక వేలుపెట్టి చూస్తే రెండు పిడుదులు దొరికాయి. ఎర్ర మూత్రం, వేడి, పిడుదులు. ఇంకేముంది, పిడుదుల జ్వరం! నా మనసులో తేల్చేసుకున్నాను.

నాలుగింటికి పక్క ఊళ్లో గాలికుంటు టీకాలు వేయాలి. అక్కడ జనం గొడ్లను తోలుకొచ్చి ఎదురుచూస్తుంటారు. నా కాళ్లు అప్పుడే బండి వైపు లాగుతున్నాయి.

"మేతేం పెడుతున్నారు?" అని అడిగాను. అడగాలి కాబట్టి అడిగాను.

"ఎప్పటిదేనండీ. వరిగడ్డి, జొన్నచొప్ప, గట్ల మీద కోసిన పచ్చిగడ్డి, కాస్త తవుడు."

ఒక చుక్క రక్తం గాజుపలక మీద తీసి చూసి ఉంటే పిడుదుల జ్వరం పురుగు ఉందో లేదో తేలిపోయేది. గాజుపలకలు ఆసుపత్రిలో ఉండిపోయాయి. రేపు తీద్దాంలే అనుకున్నాను. ఎవరో పలుపు బిగించి పట్టుకున్నారు. సూది వేశాను, బండెక్కాను. అంతా కలిపి పావుగంట పట్టలేదు.

తెల్లారేసరికి గేదె చచ్చిపోయింది.

ఫోన్ రాగానే వెళ్లాను. ఆ సూది గట్టిది. రక్తం తగ్గి నీరసించిన పశువు ఒక్కోసారి దాన్ని తట్టుకోలేదు. నిన్న ఆ తెల్లటి కనురెప్ప చూసి కూడా నేను ఆగలేదు. రైతు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు. "ఏమై ఉంటుందండీ?"

నేల చూస్తూ అన్నాను. "మందు దెబ్బ కూడా అయ్యుండొచ్చు."

"మందా?"

"అవును. తట్టుకోలేకపోయింది."

అతను నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పళ్లు కొరుక్కుంటూ కొట్టం వైపు చూశాడు. నేను హమ్మయ్య అనుకుని బయటపడ్డాను. ఎందుకు అరవలేదో ఆలోచించలేదు.

మీరు పట్నాల నుంచి వచ్చిన పిల్లలైతే ఒక సంగతి తెలుసుకోవాలి. మిరప ఊళ్లలో డాక్టరు ఇచ్చేది సూది, బిళ్ల, టానిక్కు. ఊరికే మందు అంటే పైరు మీద కొట్టేది, డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండేది. సాయంత్రమైతే మగవాళ్లకు ఇంకో అర్థం కూడా ఉంది, దాన్నిక్కడ వదిలేద్దాం. నేను మందు అన్నది నా సూదిని. అతను విన్నది పురుగుమందు. అన్నేళ్లు అక్కడ పనిచేసిన నాకు ఈ తేడా తెలియదా అంటే, తెలుసు. భయంలో నోటికొచ్చిన మాట అది, నిజమే. కానీ ఆ మాట అతని చెవిలో ఎలా పడిందో చూసుకునే ఓపిక, ధైర్యం రెండూ నాకు లేకపోయాయి.

మూడో రోజు ఆసుపత్రిలో మా అటెండరు టీ గ్లాసు నా ముందు పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. నాకంటే పెద్దవాడు. అందరూ బాబాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

"ఏంటి బాబాయ్?"

"ఆ గేదె రైతు లేడూ, ఆయన దగ్గర గడ్డి కోసి, కొట్టం ఊడ్చే ఆమెను పనిలోంచి తీసేశాడంట. మందు కొట్టిన గట్టు మీద గడ్డి కోసుకొచ్చి వేసిందంట. అందుకే గేదె చచ్చిందంట."

"ఎవరన్నారట అలా?"

అతను నా మొహం వంక చూడలేదు. "మీరే చెప్పారంటున్నారు మేడం."

టీ తాగలేదు. లేచి అల్మారా దాకా వెళ్లాను, తిరిగొచ్చాను, మళ్లీ వెళ్లాను. "ఇప్పుడే వెళ్లి చెప్పొచ్చేద్దాం, బండి తియ్యి" అన్నాను. తాళం అతని చేతికిచ్చి, మళ్లీ తీసేసుకున్నాను. ఏమని చెప్పాలి? ఆమె గడ్డి వల్ల కాదు, నా సూది వల్లేమో అనా? రేపు వెళదాంలే అన్నాను. మర్నాడు టీకాలున్నాయని చెప్పుకున్నాను. ఆ తర్వాతి రోజు మీటింగని చెప్పుకున్నాను. ఇంట్లో వాళ్లు ఏమైందంటే కసురుకున్నాను. ఈలోగా ఆమెను మిరపకోతల ముఠాలోకి కూడా ఎవరూ పిలవడం లేదని, చర్చిలో ప్రార్థనకు వెళ్తే పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చున్నారని అటెండరే చెప్పాడు. కావాలని ఒక్కొక్కటీ నా చెవిన వేసేవాడు. పెద్దమనిషి, తిట్టడం చేతకాక అలా తిట్టాడు.

వారం తిరక్కుండా అదే రైతు మళ్లీ ఫోన్ చేశాడు. రెండో గేదె కూడా ఎర్రగా పోస్తోంది. అది చూడిది.

ఈసారి గాజుపలకలు, రక్తం తీసే గొట్టాలు అన్నీ సర్దుకుని పొద్దున్నే వెళ్లాను. గేదెను కొట్టంలో నీడన కట్టించి వేడి చూశాను. జ్వరం లేదు. పిడుదుల కోసం ఒళ్లంతా వెతికాను. ఒక్కటీ లేదు. నా వెనకే రైతు చిందులు తొక్కుతున్నాడు.

"పనిలోంచి తీసేశానని కక్ష కట్టిందండీ! ఎవరూ చూడకుండా వచ్చి కుడితిలో కలిపేసి ఉంటది. సాయంత్రం మావాళ్లను నలుగుర్ని తీసుకుని స్టేషన్‌కి పోతన్నా. కేసు పెట్టి లోపలేయిస్తా. మొన్న మీరు చెప్పింది అక్కడ కూడా చెప్పాలి."

రక్తపు గొట్టానికి మూత పెట్టాను. "సాయంత్రం దాకా ఆగండి. ల్యాబు రిపోర్టు రానివ్వండి" అన్నాను. అప్పుడు కూడా అసలు మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఇది చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గుగా ఉంది.

గొట్టం ఇచ్చి అటెండరును బస్సెక్కించాను. జిల్లా ల్యాబులో నా క్లాస్‌మేటు పనిచేసేది. ఆమెకు ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడ్డాను. ఆ పూటంతా ఆసుపత్రి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. కోడికి కాలు విరిగిందని తీసుకొచ్చిన ఒక ముసలాయన నన్ను చూసి, "మీకేం బాలేదా అమ్మా?" అని అడిగాడు.

రెండింటికి ఫోన్ మోగింది.

"ఏమే, పిడుదుల జ్వరమేమో చూడమని రాశావు? ఆ పురుగు ఒక్కటి కనిపిస్తే ఒట్టు. ఎర్రకణాల అంచున చిన్న చిన్న చుక్కలున్నాయి, మొటిమల్లాగా. కణాలు వాటంతటవే పగిలిపోతున్నాయి. ఏం తినిపించారే దానికి?"

"పురుగుమందు అయ్యుంటుందా?"

"దాని లక్షణాలు ఇలా ఉంటాయా? నువ్వు చదువుకోలేదూ! చొంగ కార్చిందా, కొట్టుకుందా? లేదుగా. ఉల్లిపాయలు గంపలకొద్దీ వేసినా ఇలా అవుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవమొక్క, ఆ జాతివి ఏవి ఎక్కువ మేపినా అంతే. వెళ్లి సరిగ్గా అడుగు."

సరిగ్గా అడుగు! ఎవర్ని అడగాలి? రైతు మళ్లీ వరిగడ్డి, చొప్ప, తవుడు అనే చెప్తాడు. నేరుగా చర్చి వెనక వీధికి బండి తిప్పాను. అంతవరకు ఆమె మొహం కూడా నాకు తెలియదు. ఇల్లు అడిగితే ఒక అమ్మాయి వేలితో చూపించి లోపలికి పోయింది.

ఆమె వాకిట్లో కూర్చుని కందికట్టె విరుస్తోంది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. నన్ను చూసి లేవలేదు. కూర్చోమని కూడా అనలేదు. నేనే ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నా జీవితంలో అంత నిదానంగా కూర్చోవడం అదే మొదలేమో.

"ఆ గేదెలకు గడ్డీ, చొప్పా, తవుడూ కాకుండా ఇంకేమన్నా వేసేవారా?"

"ఇప్పుడడుగుతున్నారా?" అంది. కట్టె ఫట్టున విరిచింది. "క్యాబేజీ. ఎకరం వేశాడుగా ఆయన. రేటు పడిపోయిందని మార్కెట్టుకి పంపకుండా కోసి గేదెలకేశారు. పొద్దున గంప, సాయంత్రం గంప. పాలిచ్చేదానికి ఇంకో గంప ఎక్కువ. ఎగబడి తినేయి. పదిరోజులకల్లా పాలు అదోరకం వాసన, పేడ అదోరకం వాసన. మూతపెట్టి ఉడికించిన క్యాబేజీ మర్నాడు తీసి చూసినట్టు. ఆయన ఇంట్లోవాళ్లకి చెప్పా. నీ ముక్కులోకి మిరప్పొట్టు పోయిందిలే అన్నారు."

"మరి మేతేంటని అడిగితే ఆయన క్యాబేజీ మాటే ఎత్తలేదే!"

"మీరడిగింది మేత. క్యాబేజీ మేత కాదుగా. కూర."

నిజమే. గొడ్డు కోసం కోసుకొచ్చేది, కొనుక్కొచ్చేది మేత. మనిషి కోసం పండించి మిగిలిపోతే గొడ్డు ముందు పారేసేది మేత ఎలా అవుతుంది? రైతు నాకు అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి అక్షరాలా జవాబు చెప్పాడు.

"నన్ను తీసేశాక గడ్డి కోసేవాళ్లెవరున్నారు వాళ్లింట్లో? అంతా కోతలకి పోతారు," అంది మళ్లీ. "ఆ రెండోదానికి ఉత్త క్యాబేజీయే వేసుంటారు."

అంటే నా మాటతో ఆమె పోయింది. ఆమెతో పాటు గడ్డి పోయింది. గడ్డి పోయాక ఆ చూడిగేదె కడుపు నిండా క్యాబేజీయే పడింది.

"నాతో కల్లం దాకా వస్తావా అమ్మా? అందరి ముందూ చెప్తాను."

"నేనెందుకు? నా మీద మాట వేసింది మీరు. తీసేది కూడా మీరే పోయి తీయండి."

వెళ్లాను. కల్లంలో పాతికమంది ఆడవాళ్లు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. రైతు తెల్లచొక్కా వేసుకుని, నలుగురు బంధువులతో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. అప్పుడే బస్సు దిగి వచ్చిన మా అటెండరు నా వెనక నిలబడి తుమ్ముతున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. "నేను ఆ రోజు మందు దెబ్బ అన్నది మీ పొలంలో మందు గురించి కాదు. నేను వేసిన సూది గురించి. రోగం సరిగ్గా చూడకుండా సూది వేశాను. దానివల్లే చచ్చిపోయిందేమోనని భయమేసింది. భయపడి సగం మాట చెప్పి పారిపోయాను. మిగతా సగం మీరు వేరే విధంగా అనుకున్నారు. ఆమె కోసిన గడ్డిలో ఏ తప్పూ లేదు. మీ గేదెలకు రోగం తెచ్చింది క్యాబేజీ."

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి.

"క్యాబేజీయా?" అన్నాడు రైతు. "మనం తినేదేగా అండీ!"

అప్పుడు వాళ్లకు చెప్పాను. క్యాబేజీ ఉడుకుతుంటే ఇల్లంతా పట్టే ఆ వాసన గంధకం సరుకుది. మనం పిడికెడు కూర తింటే దానివల్ల మనకేమీ కాదు, హాయిగా తినొచ్చు. గేదె కడుపు సంగతి వేరు. దాని పెద్దపొట్టలో కంటికి కనపడని క్రిములు మేతను పులియబెడుతుంటాయి. క్యాబేజీ ఆకులో ఉన్న ఒక గంధకపు పదార్థాన్ని అవి విరగ్గొట్టి ఇంకో పదార్థంగా మారుస్తాయి. అది నెత్తురులో కలిసి ఎర్రకణాలను పగలగొడుతుంది. ఆ పగిలిన ఎరుపే మూత్రంలో పోతుంది. ఒక పూట వేస్తే ఏమీ కాదు, గంపలకొద్దీ రోజూ వేస్తే రెండు మూడు వారాల్లో ఇలా తిరగబడుతుంది. నేనిదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

రైతు మెల్లగా అడిగాడు. "అయితే నా గేదెను చంపింది క్యాబేజీయా, మీరా?"

"రెండూ కావచ్చు. నాకు తెలియదు. ఆమె మాత్రం కాదు."

నన్ను తిట్టాడు. తిట్టడా మరి? పాలగేదె పోయింది, పరువు కూడా పోయేటట్టుంది. "చదువుకున్నోళ్లు ఇట్టాగేనా చేసేది!" అని కల్లమంతా వినపడేలా అరిచాడు. నిలబడి విన్నాను. చిత్రమేమిటంటే, వారం రోజులుగా ఒక్కచోట నిలవని నా కాళ్లు అప్పుడు నిలిచాయి.

అరిచి అరిచి అలసిపోయాక, "ఇది బతుకుద్దా?" అని కొట్టం వైపు చూపించాడు.

"క్యాబేజీ ఆపేసి, మంచి గడ్డి వేసి, ఎర్రకణాలు పగలకుండా నరంలోకి భాస్వరం ఎక్కిస్తే బతకొచ్చు. కానీ మెడ నరానికి సూది గుచ్చాలి, అది కదలకూడదు."

గేదె మమ్మల్నెవర్నీ దగ్గరకు రానివ్వలేదు. నీరసంగా ఉన్నా కొమ్ములు విసిరింది. మా అటెండరు ఒకసారి ప్రయత్నించి గోడకు అంటుకుపోయాడు. కల్లంలోంచి ఎవరో ఒకామె అంది. "అది ఆ పిల్ల చేతికి తప్ప లొంగదులే." రైతు తలొంచుకుని బండి తీశాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

అరగంటకు ఆమె వచ్చింది. ఆమె ముందు నడుస్తోంది, అతను బండి తోసుకుంటూ వెనక వస్తున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలియదు. ఆమె ఎవరి వంకా చూడలేదు. చంకలో పచ్చిగడ్డి మోపు ఉంది. దారిలోనే కోసుకున్నట్టుంది.

ఆ గేదె బతికింది, నెలలు నిండాక దూడను కూడా వేసింది. నేను జరిగిందంతా పైకి రాసి పంపాను, మెమో వచ్చింది, జవాబిచ్చాను. ఆమె మళ్లీ ఆ రైతు దగ్గర పనికి పోలేదు. అతను రెండుసార్లు కబురు పెట్టినా పోలేదు. కోతల ముఠాలో మాత్రం చేర్చుకున్నారు. మా అటెండరు క్యాబేజీ తినడం మానేశాడు. మనుషులకు ఏం కాదని ఎన్నిసార్లు చెప్పినా, "మీరు చెప్పేది సగమే ఉంటదేమో మేడం" అనేవాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం కొట్టంలో జరిగిన మాట ఒకటి మిగిలింది.

ఆమె గడ్డి నాలుగు పరకలు నోటికందించి, పలుపు కురచ చేసి, గేదె తల తన భుజానికి ఆనించి పట్టుకుంది. నేను మెడ నరం వెతుకుతున్నాను. పలుపు మీద ఆమె చేయి నా కళ్లకు జానెడు దూరంలో ఉంది. బొటనవేలి గోరు నల్లగా చితికిపోయి ఉంది. ఆ గోరు నేను ఇంతకుముందు చూశాను. మొదటి గేదెకు సూది వేసినప్పుడు, సరిగ్గా ఇంతే దూరంలో.

"ఆ రోజు పలుపు పట్టుకుంది నువ్వా?"

"నేనే."

"నేను మేత గురించి అడుగుతుంటే అక్కడే ఉన్నావా?"

"అక్కడే ఉన్నా."

"మరి క్యాబేజీ అని ఒక్క మాట అనకపోయావా అమ్మా!"

ఆమె గేదె నుదురు నిమురుతూనే ఉంది. నా వైపు తిరగలేదు.

"చెప్పబోయా. జరుగు జరుగు, టైమవుతోంది అన్నారు మీరు."